ఓడ ఎక్కని గొర్రెపిల్లలు

ఓడకు పది రోజులు

రాజేశం, ఈ యాత్ర పుస్తకం చివరికి నీ బల్ల మీదికే వస్తుందని తెలుసు. అందుకే ముందు నీ మాటే రాస్తున్నాను.

గొర్రెలకు రోగం తగిలిన ఆ రోగపు ఏడు పోయి పందొమ్మిదేళ్లు అయింది. ఆ ఏడు అధికారులు మన ఊరికి వచ్చి ప్రతి మందలో మూడో వంతును గుంతలో వేయాలన్నారు. ఎవరికి ఎన్ని ఉన్నాయో చెప్పమన్నారు. మా ఇంట్లో మంద లెక్క పైకి చెప్పరు. మా నాయన చెప్పలేదు, ఆయన నాయనా చెప్పలేదు. సాయంత్రం మొహాలు చూసి ఏది రాలేదో చెబుతాం గానీ అంకె నోటితో పలకం. పలికిన అంకె దగ్గరే మంద ఆగిపోతుందని మా పెద్దల మాట. నేనూ చెప్పలేదు. వాళ్లు కంటి చూపుతో అంచనా వేసి, ఉన్నదానికి రెట్టింపు రాసుకున్నారు. అందులో మూడో వంతు పట్టుకుపోయారు. అంటే నా మందలో మూడింట రెండు వంతులు పోయాయి.

ఆ రోజు పుస్తకం పట్టుకుని రాసింది నువ్వే. నా మంద వెనక పెరిగావు, నా గొర్రెపాలు తాగావు. నా మంద ఎంతో నీకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. తర్వాత అడిగితే, "నువ్వే జెప్పలేదు, నేనెట్ల జెప్త పెద్దనాయనా" అన్నావు. ఆ మాట నా గొంతులో ముల్లులా ఇప్పటికీ ఉంది. ఇప్పుడు నువ్వు మంద సంఘం కార్యదర్శివి. అందరూ సారు అంటారు. నేను అనను.

ఇక యాత్ర సంగతి. నాతో వచ్చిన పదమూడు మందీ రోజు సంగతులు చెవిలో పెట్టుకునే మాటల పూసకు చెబుతారు, అది రాస్తుంది. నేనూ మొదట్లో చెప్పి చూశాను. నా తిట్లన్నీ తీసేసి, నేను ఎవరికో దండం పెడుతున్నట్టు రాసింది. అందుకే చేత్తో రాస్తున్నాను. వయోజన బడిలో ఐదు నెలలు నేర్చుకున్న రాత ఇది. తప్పులుంటే సర్దుకో.

మమ్మల్ని పిలిపించుకున్న ఇక్కడి రైతు ఇర్మా పొలంలో ఇంకా పది పట్లు మిగిలాయి. పట్టు అంటే మంద ఒక రాత్రి పడుకునే జాగా, రోజుకొకటి. ఉదయం తడికెలు లేపి పక్క పొలం చెక్కలో పాతుతాం, పొద్దు తిరిగాక మందను అందులోకి తోలుతాం. అవి పడుకున్న చోట పేడ, మూత్రం, గిట్టల తొక్కుడు. మన దగ్గర చేసేదే, కొత్త విద్యేమీ కాదు. సంచుల ఎరువు ప్రపంచమంతా ఆపేశాక వీళ్ల నేల చచ్చిపోయింది. ఇక్కడ అరవై ఏళ్లుగా పశువనేదే లేదు. పాలు గొట్టంలోంచి, మాంసం తొట్టిలోంచి. మందను పిలిపించుకోవడానికి కారణం అదే.

మొదటి నెల పడ్డ ఇబ్బంది నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఈ చలిదేశంలో ఎండాకాలం పొద్దు గుంకదు. ఆకాశం చుట్టూ తిరుగుతుంది గానీ కిందికి దిగదు. చీకటి లేకపోతే గొర్రె పడుకోదు. పడుకోకపోతే పట్టు నిండదు. వీళ్లు గొర్రెల మెడపట్టీల్లో ఏవో పాటలు పెట్టారు, బీడు మీద నల్లగుడ్డ కప్పుతామన్నారు. నేను వద్దన్నాను. మన ఊళ్లో దీపాలు పెట్టే వేళకు ఇక్కడ ఎండలోనే గొంగడి పరిచి, మొహం కప్పుకుని పడుకున్నాను. మూడో నాటికి ముసలివి నా పక్కన కూలబడ్డాయి. వారానికి మందంతా పడుకుంది. ఇర్మా వచ్చి చూసింది. పూసలోంచి ఆమె మాట తెలుగులో వచ్చింది. "మీరు నిద్రించిన చోటనే రాత్రి ఏర్పడుచున్నది." పూస ఆమె మాటలన్నీ రేడియో వార్తల్లా చెబుతుంది. మనిషి మాత్రం మోటు, మనలాంటిదే.

ఓడకు తొమ్మిది రోజులు

తిరుగు ప్రయాణం పట్టీ రాయడానికి తనిఖీ అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. చేతిలో పలక. మెడపట్టీలను పలకతో చూసుకుంటూ మంద మధ్య నడిచింది. తల్లులు బెదరలేదు. అమ్మాయి నడక మెత్తన.

చివర్లో ఆగి పిల్లల వైపు చూసింది. ఇక్కడికి వచ్చిన రెండు నెలలకు ఈనిన పిల్లలు. ఇప్పుడు గెంతులు వేస్తున్నాయి, గడ్డి కొరుకుతున్నాయి, ఇంకా పాలు మానలేదు. ఆమె ఒక అంకె చెప్పింది. నేను రాయను.

"ఇవి పట్టీలో లేవు" అంది పూస.

"ఓడ ఎక్కినప్పుడు పుట్టలేదు, పట్టీలో ఎట్లుంటయ్?" అన్నాను.

పలక నా ముందు పెట్టింది. మన రేవులో నింపిన కాగితం. అందులో ఒక గడి చూపించింది. చూలు గొర్రెలు: లేవు. కింద నా సంతకం. దాని కింద నీది.

కడుపుతో ఉన్న తల్లులను ఆ గడిలో రాస్తే, పుట్టే పిల్లలకు తల్లి కాగితమే చెల్లుతుందట. లేవని రాస్తే అవి ఈ దేశంలోనే కడుపున పడ్డవి అవుతాయట. మన సరిహద్దు వాటిని పరదేశపు జీవాలని రానివ్వదు. వీళ్ల చట్టం కూడా వాటిని తమవి అనదు. ఇక్కడ పశువుకు జవాబు చెప్పే మనిషి కాగితం మీద ఉండాలి, అలాంటి మనిషి ఈ దేశంలో అరవై ఏళ్లుగా లేడు.

"అయిదు నెలలు మోస్తది గొర్రె. వచ్చిన రెండు నెలలకే ఈనింది. ఏడ సూలు కట్టిందో ఆ మాత్రం లెక్క రాదా మీకు?"

"మాకు తెలుసును. అయితే తప్పును మేము దిద్దజాలము. ఓడ ఎక్కించిన రేవులో సంతకము చేసిన సంస్థ దిద్దవలెను" అంది పూస. అమ్మాయి మొహం మాత్రం పూస చెప్పినంత చల్లగా లేదు.

"దిద్దకపోతే?"

ఓడ రోజున బండి వస్తుందట. పిల్లలను తీసుకుపోతుందట. ఎక్కడికని నేను అడగలేదు. గుంత ఏ దేశంలో తవ్వినా గుంతే.

ఓడకు ఎనిమిది రోజులు

నీకు వార్త పంపాను. ఒక్క వరుస: "తల్లులు కడుపుతో ఉన్నాయని రాసి సంతకం పెట్టు, పిల్లలు చస్తాయి." నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

ఆ రోజు రేవులో ఏం జరిగిందో నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. నువ్వు కాగితం పట్టుకుని, "సూడి గొర్లు ఉన్నయా?" అని అందరి ముందు అడిగావు. అందరూ నా మొహం చూశారు. మందపెద్దను నేను. కడుపుతో ఉన్నదాని మాట నలుగురిలో ఎత్తితే కడుపు నిలవక ఈచుకుపోతుందని మన ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా ఆ మాట కళ్లతోనే చెప్పుకుంటారు. అలాంటిది ఓడ ముందు, సముద్రం ముందు ఎట్లా చెబుతాను? "లెవ్వు" అన్నాను. నువ్వు "లెవ్వు" అని రాశావు. రాస్తున్నప్పుడు నీ ఎడమ చెయ్యి ఎల్లవ్వ నల్లగొర్రె పొట్ట కింద ఉంది, రాజేశం. నువ్వు కురుమ ఇంట్లో పుట్టావు. మూడు నెలల కడుపు చేతికి తెలియదా?

మాలో ఎవరికీ ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం ఎల్లవ్వ అంబలి పోస్తూ అడిగింది. ఆమె నాకు చెల్లెలి వరస, మొగుడు పోయినప్పటి నుంచి తన మంద తనే కాస్తోంది.

"ఏందన్నా, ఆ పిల్ల వచ్చి పోయినకాడికెల్లి నీ మొఖం గిట్లయింది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే అంబలి ముంత అట్లనే ఎందుకు పట్టుకున్నవ్? చల్లారి పాసిపోతది."

నా బామ్మర్ది సత్తయ్య అవతల నుంచి అందుకున్నాడు. "ఇంటికి పోతున్నమని బావకు దిగులు. ఈడ అందరు మందపెద్ద మందపెద్ద అంటున్నరు. ఊర్ల అక్క ఏమంటదో మనకు తెల్వదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది తప్పే. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

ఓడకు ఆరు రోజులు

నిన్న పట్టు మార్చి పడుకున్నాను, రాయలేదు.

ఈ రోజు ఊరు చూపించడానికి తీసుకుపోయారు. యాత్ర చివర్లో అతిథులకు అది మర్యాదట. మందకు కాపలాగా ఇర్మా కూర్చుంది. తడికెల తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, నా కర్ర ఒళ్లో పెట్టుకుని, పెళ్లికూతురిలా బిగుసుకు కూర్చుంది.

ఊళ్లో రోడ్లన్నీ బోసి. ఒక పెద్ద మంచుముక్కను అద్దాల గదిలో దాచారు. వాళ్ల కొండల మీద మిగిలిన ఆఖరి మంచట. ఎల్లవ్వ అద్దానికి చెంప ఆనించి నిలబడింది. "సల్లగ లేదన్నా" అంది. అద్దం చల్లదనాన్ని బయటికి రానివ్వదట. అంత దూరం పోయి చూసిన మంచు సంగతి అంతే.

పక్క గదిలో గొర్రె ఉంది. చర్మంలో ఏదో కూరి, గాజు కళ్లు పెట్టి నిలబెట్టారు. ఈ దేశపు ఆఖరి మందలోదట. తెల్లది, బొచ్చు బాగా ఉంది. దాని పొదుగు కింద ఒక పిల్లను కూడా పెట్టారు, పాలు తాగుతున్నట్టు. చూపించే మనిషి గొంతు తగ్గించి చెబుతున్నాడు. వాళ్ల పిల్లలు బడి నుంచి వచ్చి దీన్ని చూసి పోతారట.

నేను వంగి చూశాను. "ఈ పిల్ల ఈ తల్లిది కాదు" అన్నాను.

పూస చెప్పగానే ఆ మనిషి మొహం వాడిపోయింది. ఎట్లా తెలుసని అడిగాడు. ఎట్లా తెలుసంటే ఏం చెప్పాలి? చెవుల కుదురు వేరు. నుదురు వేరు. అసలు తల్లి నిలబడిన తీరే వేరు. తన పిల్ల తాగుతుంటే గొర్రె వెనక కాళ్లు కొంచెం ఎడం చేస్తుంది. ఇది బిగించి నిలబడింది. ఎవరో చచ్చిన రెంటిని తెచ్చి జత చేశారు.

"బావా, ఊకోరాదు. ఆయన అన్నం మీద కొడుతున్నవ్" అన్నాడు సత్తయ్య.

బయటికి వచ్చేసరికి పూసలో నీ జవాబు వచ్చింది. అందరి ముందు అదే చదివింది, ఆపడం నాకు రాలేదు. "పెద్దనాయనా, చూద్దాం. ఇప్పుడు దిద్దితే అప్పుడు తప్పు రాసినట్టు అవుతుంది. సంఘానికి ఇంకో మూడు దేశాల నుంచి పిలుపులు ఉన్నాయి. పిల్లల విషయం అక్కడివాళ్లే ఏదో చేస్తారు. అందరికీ చెప్పి కంగారు పెట్టకు."

పదమూడు మంది నన్ను చూశారు. బస్సు ఎక్కాం. బస్సులో ఎల్లవ్వ ఒక్క మాటే అంది. "ఏ పిల్లలన్నా?"

ఓడకు అయిదు రోజులు

పొద్దున తడికెలు లేపక ముందే అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లేవని చెప్పింది నేను. రాసింది రాజేశం. పోయేది పిల్లలు.

చెప్పి, గొంగడి తీసి కింద పెట్టాను. దాని మీద నా కర్ర పెట్టాను. మందపెద్ద తప్పు చేస్తే చేసే పని అదే, నీకు తెలుసు. ఎవరైనా ఆ కర్ర తీసి చేతికి ఇచ్చేదాకా మందను తోలకూడదు, మందలో మాట చెల్లదు. మా నాయన బతుకంతా ఒక్కసారి పెట్టాడు. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఇచ్చారు.

నాకు ఎవరూ ఇవ్వలేదు.

సత్తయ్య మొదలుపెట్టాడు. "నువ్వు లెవ్వంటివి. మేము నీ మొఖం జూస్తిమి. నా చుక్కదాని జంటపిల్లలు గంతులేస్తున్నయ్, ఇంటికి పోయినంక నా కోడలు ముంగట వదులుదామనుకున్న. ఇప్పుడేం జెప్పాలె ఆమెకు?"

"నన్ను తిట్టిన అని చెప్పు" అన్నాను.

"తిట్టుడు కాదు బావా. తిడితే పొట్ట నిండుతదా? గన్నేండ్లు రాజేశాన్ని అంటివి గదా, నోరిప్పలేదు నోరిప్పలేదని. నువ్వేమిప్పినవ్?"

నేను లేచి వాళ్లకు దారి ఇచ్చాను.

మందను వాళ్లే తోలారు. నేను తడికెల బయట కూర్చున్నాను. నేను లోపల లేను గనుక మంద పడుకోలేదు. నిలబడే నెమరు వేసింది. ఆ పట్టు సగమే నిండింది. ఇర్మా వచ్చి నా పక్కన కూర్చుని, నేల సత్తువ చూడడానికి గుచ్చే తన గొట్టాన్ని తుడుచుకుంది. తర్వాత అడిగింది, కాగితం మీద జవాబు చెప్పే మనిషి ఉంటే బండి రాదు గదా అని. ఆమె ఆ పని ఒప్పుకోదట, ఆమెకు గొర్రె తెలియదు. తెలిసినవాడు ఈ నేల మీదే ఉండి పూచీ పడితే చట్టం ముప్పై రోజులు ఆగుతుందట.

"నాకు చట్టము తెలియును. గొర్రె తెలియదు. మీకు గొర్రె తెలియును" అంది పూస. ఇర్మా మాత్రం మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచింది.

ఓడకు నాలుగు రోజులు

కర్ర ఇంకా గొంగడి మీదే ఉంది. దాని మీద మంచు పడి ఆరింది. నేను చెప్పాల్సిన రెండో మాట చెప్పాను. నేను ఓడ ఎక్కను. ముప్పై రోజులు జవాబుదారుగా ఉంటాను. కానీ పాలు మానని పిల్లలకు తల్లులు కావాలి. తల్లులు అందరివీ. ఎవరి తల్లిని వాళ్లు నా దగ్గర వదలాలి. కాగితం వస్తే దసరా తర్వాతి ఓడకు తల్లీ పిల్లా అన్నిటినీ తెస్తాను. రాకపోతే పిల్లలు పోతాయి, తల్లులనైనా తెస్తాను.

"నువ్వు జవాబుదారువా?" అన్నాడు సత్తయ్య. "ఇంట్ల పిల్లికి గూడ జవాబు జెప్పవు."

ఎవరూ నవ్వలేదు.

ఎల్లవ్వ లేచింది. చెంగు దోపుకుంది. గొంగడి దగ్గరికి వచ్చి కర్ర తీసింది. నా చేతికి ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఆ కర్రతోనే మందలోకి పోయి, తన తల్లులను ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచి విడదీసి, పిల్లలతో సహా నా ముందుకు తోలుకొచ్చింది.

"నాయివి పట్టు. ఈ బోడి ఉందే, దీనికి కుడి పొదుగు గట్టి, దినాం ఒత్తాలె. ఈ ఎర్రది గడ్డి కన్న మట్టి ఎక్కువ తింటది, సూసుకో." అప్పుడు కర్ర నా మీదికి విసిరింది. "నీ మీద దయ గాదు. పిల్లల కోసం. నీ మీద కోపం ఊర్ల కూసోని తీరిపిగ పడత."

"పడు" అన్నాను.

"రాజేశం మీద గూడ పడత. వాని ఇంటి ముంగట గొంగడి ఏసుకోని కూసుంట. ఎన్ని దినాలు సూద్దాం అంటడో సూస్త."

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తిట్టి వదిలారు, కొందరు ఏమీ అనలేదు. తమ తల్లి మొహం తిప్పి చూపించి, దాని గుణం చెప్పి పోయారు. నాకు తెలిసిన గుణాలే. అయినా విన్నాను.

సత్తయ్య రాలేదు.

ఓడకు రెండు రోజులు

ఆఖరి పట్టుకు ముందుది పూర్తయింది. నేను లోపల పడుకున్నాను, మంద పడుకుంది.

ఇర్మా మొదటి పట్టు వేసిన చెక్కలో గొట్టం గుచ్చింది. మే నెలలో మందను తోలినప్పుడు ఆ నేల సిమెంటులా ఉండేది. గొట్టం చివర పలక మీద పచ్చగీత వచ్చింది. నాకు పలక అక్కర్లేదు. గుప్పెడు తీసి వాసన చూశాను. తడి వాసన, పుట్టగొడుగు వాసన. ఒక చిన్న వానపాము నా వేలికి చుట్టుకుంది. ఇర్మా దాన్ని దగ్గరగా చూడడానికి వంగింది. డెబ్బై రెండేళ్ల మనిషి. తన పొలంలో వానపామును ఇదే మొదటిసారి చూడడమట. ఏడుస్తోందని తెలిసి నేను మొహం తిప్పుకుని తడికె కట్లు బిగించాను.

మధ్యాహ్నం తనిఖీ అమ్మాయి జవాబుదారు కాగితం తెచ్చింది. ముప్పై రోజులు. పొలాల అమావాస్య దాకా. ఆ మర్నాడు పొద్దున బండి వస్తుంది. సంతకం పెట్టమంది. పెట్టే ముందు పూసతో ప్రతి గడీ రెండుసార్లు చదివించుకున్నాను. రేవులో ఆ పని చేసి ఉంటే ఈ పుస్తకం ఇంత పొడవు అయ్యేది కాదు.

ఓడ రోజు

ఓడకు నడిపేవాడు లేడు. నీకు తెలుసు, వచ్చినప్పుడూ అంతే. తెరచాపలు వాటంతట అవే తిరుగుతాయి. పొట్టేళ్లు ముందు ఎక్కాయి, తర్వాత గొడ్డువి, ముసలివి, పోయినేడు పుట్టిన ఆడ గొర్రెపిల్లలు. నేను వంతెన పక్కన నిలబడి మొహాలు చూసి పంపాను. ఏదీ తప్పలేదు.

ఆఖర్న సత్తయ్య వచ్చాడు. చుక్కది అతని పక్కన ఉంది. దాని జంటపిల్లలు తడికెలోనే ఉన్నాయి.

"బావా, దీన్ని తీస్కపోతున్న."

"పాలు కుడిసే పిల్లలు రా."

"తెలుసు. నా కాడ ఉన్న మంచి తల్లి ఇదొక్కటే. కాగితం రాకుంటే నువ్వు తెస్త అంటవ్. నీ మాట మీద రేవుల ఒకసారి నిలబడ్డ. ఇంకోసారి నిలబడ." చుక్కదాని మెడ మీద చెయ్యి వేశాడు. "ఏమన్న అను."

ఏమీ అనలేదు. అతని మంద, అతని తల్లి. తప్పు అతనిది కాదు. చుక్కది వంతెన మీద రెండుసార్లు వెనక్కి తిరిగింది. సత్తయ్య దాన్ని ఎత్తి భుజాన వేసుకుని ఎక్కాడు. అది అరుస్తూనే ఉంది. ఇక్కడ తడికెలో దాని పిల్లలు జవాబు ఇస్తూనే ఉన్నాయి. ఓడ చాలా దూరం పోయేదాకా రెండు వైపులా ఆ అరుపు ఆగలేదు.

ఎల్లవ్వ ఓడ అంచున నిలబడి చెయ్యి ఊపలేదు. ఏదో కేక వేసింది. గాలికి వినిపించలేదు. తిట్టే అయి ఉంటుంది.

ఓడ పోయిన నాలుగో రోజు

చుక్కదాని పిల్లలు రెండు రోజులు ఏ తల్లినీ పట్టలేదు. ఏ తల్లీ వాటిని రానివ్వలేదు. ఇర్మా గొట్టంపాలు తెచ్చింది. మూతి తిప్పుకున్నాయి. నేను ఎల్లవ్వ బోడి గొర్రెను పట్టి, దాని పాలు పిండి ఆ పిల్లల నెత్తికీ తోకకూ రాశాను, నాలుగు ఉప్పుకళ్లు కూడా అద్దాను. తడికె మూలలో మూడింటినీ కట్టాను. మొదటి రోజు బోడి తన్నింది. నా మోకాలికి తగిలింది, ఇంకా వాచే ఉంది. రెండో రోజు ఉప్పు నాకింది. ఈ రోజు పొద్దున చూస్తే ఒక పిల్ల తాగుతోంది. బోడి వెనక కాళ్లు ఎడం చేసి నిలబడింది. రెండో పిల్లను ఇంకా రానివ్వడం లేదు. దానికి వేరే తల్లిని చూస్తున్నాను.

పొద్దు ఈ మధ్య కిందికి వచ్చి అంచును తాకి పోతోంది. మంద అప్పుడే పడుకుంటోంది, నా కోసం ఎదురు చూడకుండా.

పదమూడు మంది మాటలు లేని చోట ఆలోచన ఎక్కువవుతుంది, రాజేశం. సత్తయ్య అన్నది తిరిగి తిరిగి వస్తోంది. రోగపు ఏడు నేను లెక్క చెప్పి ఉంటే నువ్వు కాదనేవాడివా? అనేవాడివి కాదేమో. నువ్వు మాట్లాడలేదు, నిజం. నేనూ మాట్లాడలేదు. పందొమ్మిదేళ్లు నీ సగం తప్పునే మొత్తం చేసి మోశాను. ఇది రాయడం నాకు చేదుగా ఉంది, అయినా రాశాను. దాంతో నీ సగం తగ్గదు. రేవులో కూడా ఇద్దరం చెరిసగం.

నువ్వు దిద్దితే నీ కుర్చీ పోవచ్చు. తెలుసు. సంఘం పేరు చెడవచ్చు, ఆ మూడు పిలుపులూ పోవచ్చు. అదీ ఆలోచించాను. ఈ నేల లేచింది, పలక మీద రాసి ఉంది. మన మంద పని అబద్ధం కాదు. ఒక కాగితంలో ఒక గడి అబద్ధం. దాన్ని దిద్దితే చెడే పేరు ఏదో నాకు అర్థం కావడం లేదు.

నా భాగం నేను చేస్తున్నాను. ఇది మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ పలకనిది, ఎవరూ రాయనిది.

ఓడ ఎక్కిన రోజున కడుపుతో ఉన్న తల్లులు నలభై. అడిగితే లేవని చెప్పినవాణ్ని నేను, దేవర బుగ్గయ్యను. అందులో ఒకటి సత్తయ్యతో తిరిగి వస్తోంది. ఇక్కడ నా దగ్గర ముప్పై తొమ్మిది తల్లులు, నలభై ఒక్క పిల్లలు.

రాసేటప్పుడు చెయ్యి ఆగింది. రాశాక లేచి పోయి మందను చూశాను. అన్నీ ఉన్నాయి.

ఇర్మా ఈ పేజీలన్నీ ఫొటో తీసి ఈ రోజే నీకు పంపుతోంది. కింద నా సంతకం ఉంది. పక్కన జాగా వదిలాను. "ఆ రోజు తల్లులు కడుపుతో ఉన్నాయి, నేను చేత్తో చూశాను" అని ఒక్క వరుస రాసి, పేరు పెట్టి, సంఘం ముద్ర వేసి తనిఖీవాళ్లకు పంపు. పెట్టనంటే అదీ రాసి పంపు, కారణం చెప్పనక్కర్లేదు. పిల్లలను నా చేతుల్తో బండి ఎక్కించాలా వద్దా అన్నది నాకు ముందుగా తెలియాలి. చూద్దాం అని మాత్రం రాయకు.

పొలాల అమావాస్య నాడు, మన ఊళ్లో పొద్దు గుంకేలోపు నీ జవాబు నాకు చేరాలి.

దేవర బుగ్గయ్య